ఫ్లష్ కొడితే పోతలేదా?

యాసిడ్ సీసా అందుకునే ముందు, బండికి ఫోన్ చేసే ముందు ఒక్కసారి ట్యాంక్ మూత తీయించి చూడండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్ల కింద దాగున్న గుంతల కథ ఇది.

“అంకుల్, ఫ్లష్ కొడితే నీళ్లు పైకొచ్చి మెల్లగ దిగుతున్నయి.”

“రెండు బకెట్లు గట్టిగ కొట్టమ్మా, పోతది.”

కింద ఓనరు, పైన కిరాయిదారు ఉండే ఎల్బీనగర్ కాలనీల్లో ఈ మాటలు వినబడని ఇల్లు అరుదు. రెండు బకెట్లతో ఆ రోజు గడుస్తుంది. వారం తిరిగేసరికి యాసిడ్ సీసా వస్తుంది. నెలకు ప్లంబర్ వస్తాడు. కమోడ్‌లోకి ఒక చూపు చూసి, “ట్యాంక్ నిండింది సార్, బండి పిలవాలె” అంటాడు. బండి వస్తుంది, పైపు వేసి గుంజుతుంది, డబ్బులు తీసుకుని పోతుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. పది పదిహేను రోజులకు మళ్లీ మెట్ల మీద నుంచి “అంకుల్...” అని పిలుపు.

ఇంత తతంగంలోనూ ఎవరూ చేయని పని ఒకటుంది. ట్యాంక్‌లో నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో చూడడం. జబ్బు కమోడ్‌దా, పైపుదా, ట్యాంక్‌దా, ట్యాంక్ దాటాక ఉన్నదానిదా అనేది ఆ మట్టమే చెబుతుంది. అది చూడకుండా బండిని పిలవడమంటే జ్వరం ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా మాత్ర మింగడమే.

ట్యాంక్ ఎప్పుడూ నిండే ఉంటుంది

‘నిండింది’ అన్న మాటతోనే చిక్కంతా మొదలవుతుంది. సెప్టిక్ ట్యాంక్ కట్టిన కొన్నాళ్లకే నిండుతుంది. ఆ తర్వాత ఇల్లు ఉన్నన్నాళ్లూ నిండే ఉంటుంది. ఇటు నుంచి బకెట్ నీళ్లు వస్తే అటు చివరి పైపులోంచి బకెట్ నీళ్లు బయటికి పోవాలి. లోపలికొచ్చిన దాంట్లో బరువైనది అడుక్కి దిగి మడ్డిగా పేరుకుంటుంది. నూనె, జిడ్డు లాంటి తేలికైనవి పైన తెట్టు కడతాయి. ఈ రెంటి నడుమ ఉన్న నీరు మాత్రమే బయటికి వెళ్లాలి. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు మడ్డిని కొంత తినేస్తాయి, కొంత గ్యాస్‌గా మారుస్తాయి. మొత్తం తినడం వాటి వల్ల కాదు కాబట్టి రెండు మూడేళ్లకోసారి మనం తీయించాలి.

ఈ ఏర్పాటుకు ఆద్యుడు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ లూయీ మూరాస్. 1860ల్లో తన ఇంటికి కట్టుకున్న గుంత ఏళ్లు గడిచినా మడ్డితో నిండకపోవడం చూసి ఆశ్చర్యపోయాడంటారు. 1881లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో డోనాల్డ్ కామెరాన్ దాన్ని మెరుగుపరిచి ‘సెప్టిక్ ట్యాంక్’ అనే పేరు స్థిరపరిచాడు. నూట ముప్పై ఏళ్లు దాటినా లోపలి సూత్రం మారలేదు.

ఇక మూత తీస్తే ఏం కనబడుతుంది? బయటికి పోయే పైపు అడుగు అంచు దగ్గరే నీళ్లు నిలిచి ఉంటే ట్యాంక్ తన పని తాను చేస్తున్నట్టే. తప్పు దానికి ముందెక్కడో ఉంది. లోపలికొచ్చే పైపు మూతి దగ్గర ఉండే ‘టీ’ ముక్కకు తెట్టు అడ్డం పడి ఉండొచ్చు, చాంబర్‌లో ఏదైనా ఇరుక్కుని ఉండొచ్చు. నీళ్లు ఆ పైపును ముంచేసి పైకెక్కి ఉంటే అడ్డంకి ట్యాంక్ దాటాక ఉంది. బయటి పైపైనా పూడిపోయి ఉండాలి, ట్యాంక్ నీళ్లు నేలలోకి దిగే ఇంకుడు గుంతైనా ఇంకడం మానేసి ఉండాలి, లేదా రోడ్డు మీది లైనే నిండి ఉండాలి.

పదిహేను రోజుల సుఖం వెనక గుట్టు కూడా ఇదే. మూడు వేల లీటర్ల ట్యాంక్‌ను బండి ఖాళీ చేసిందనుకుందాం. పది మంది ఉన్న ఇంట్లో ఫ్లష్‌కు మనిషికి ముప్పై లీటర్ల చొప్పున వేసుకున్నా రోజుకు మూడు వందల లీటర్లు. ఆ ఖాళీ నిండడానికి పది రోజులు చాలు. బయటికి పోయే దారి మూసుకునే ఉంది కాబట్టి పదకొండో రోజు కథ మొదటికొస్తుంది. డబ్బు పోసి కొనుక్కున్నది పది రోజుల ఖాళీ అన్నమాట.

మూత తీస్తే కనబడేవాటిలో మూడో రకం అన్నిటికన్నా ప్రమాదం. నీళ్లు బయటి పైపు కన్నా బాగా కిందికి ఉంటాయి. ‘మా ట్యాంక్ పదేళ్లయినా నిండలేదు’ అని గొప్పగా చెప్పుకునే ఇళ్లు చాలావరకు ఈ కోవలోవే. గోడో అడుగో పగిలింది, మురుగు నేరుగా నేలలోకి దిగుతోంది. పక్కనే మంచినీళ్ల సంపు ఉంటే, ఇంకాస్త దూరంలో బోరు ఉంటే, ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. ఇంకుడు ఏర్పాటుకూ తాగునీటి వనరుకూ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. నూటయాభై గజాల ప్లాట్‌లో ఆ దూరం పక్కింటి వంటగది దాకా పోతుంది.

కమోడ్ నుంచి కిందికి

మూత తీయడానికి ముందు ఇంట్లో కూర్చునే తెలుసుకోగలిగినవి కొన్నున్నాయి. ఇబ్బంది ఒక్క బాత్రూంలోనేనా, అన్నిట్లోనా? ఒక్కదాంట్లోనే అయితే ట్యాంక్‌ను తిట్టి లాభం లేదు.

ఒక బకెట్ నీళ్లు ఎత్తి కమోడ్‌లో గబుక్కున కుమ్మరించండి. అవి సర్రున పోతే దారి బాగానే ఉంది, ఫ్లష్ ట్యాంకే బలంగా కొట్టడం లేదు. ఈ ప్రాంతంలో బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలే. ఉప్పు నీళ్లు కమోడ్ అంచు కింద ఉండే చిన్న చిన్న రంధ్రాల్లో తెల్లగా గట్టి పొర కట్టేస్తాయి. పది రంధ్రాల్లోంచి దూకాల్సిన నీళ్లు మూడింట్లోంచి కారతాయి. చిన్న అద్దం కింద పెట్టి చూస్తే కనబడుతుంది. వెనిగర్ రాత్రంతా నాననిచ్చి, మర్నాడు సన్న తీగతో పొడిస్తే తెరుచుకుంటాయి. ఫ్లష్ ట్యాంక్ లోపలి బంతి కిందికి జారి, నీళ్లు సగమే పడుతుండడం ఇంకో మామూలు కారణం.

బకెట్ కుమ్మరించినా నీళ్లు అంచు దాకా లేచి, ఆలోచించుకుని దిగుతుంటే అప్పుడు దారిలోనే అడ్డం ఉంది. వంపులో పడ్డ టూత్‌బ్రష్, షాంపూ ప్యాకెట్, శానిటరీ ప్యాడ్, ‘ఫ్లష్ చేయొచ్చు’ అని అట్ట మీద రాసి అమ్మే తడి తుడుపు గుడ్డలు... ప్లంబర్లు బయటికి లాగేవి ఇవే. ఆ అట్ట మీది మాట నమ్మకండి. నీళ్లలో కరగని గుడ్డ ఏదైనా గుడ్డే.

పై అంతస్తులో ఫ్లష్ కొట్టినప్పుడు కింది కమోడ్‌లోనో, బాత్రూం జాలీలోనో గుడగుడమని చప్పుడు వస్తుంటే రెండు అనుమానాలు. ఒకటి, అందరికీ కలిపి ఉన్న లైన్ పూడుతోంది. రెండు, వెంట్ పైపు మూసుకుపోయింది. రెండో సంగతి ఎవరికీ గుర్తుకురాదు. నీళ్లు కిందికి దూకాలంటే పైపులోకి వెనక నుంచి గాలి రావాలి, ట్యాంక్‌లో పుట్టిన గ్యాస్ పైకి పోవాలి. ఇంటికి ఆనుకుని ఉన్న ట్యాంక్ వెంట్ పైపు ఇంటి కప్పును దాటి ఇంకో రెండు మీటర్లు లేవాలన్నది ప్రమాణం. ఈ కాలనీల్లో జరిగేది వేరు. మొదటి అంతస్తు వేసినప్పుడు ఆ పైపు సగంలో ఆగిపోతుంది, రెండో అంతస్తుకు వాసన వస్తోందని ఎవరో దానికి డబ్బా మూత బిగిస్తారు. మూత లేకపోతే పావురం గూడు పెడుతుంది. పైన సన్న తీగ జాలీ కట్టడం వంద రూపాయల పని.

తర్వాత చాంబర్. కమోడ్‌కూ ట్యాంక్‌కూ మధ్య నేల మీద చదరపు మూత ఉంటుంది. అందులో నీళ్లు నిలిచి ఉంటే అడ్డంకి అక్కడి నుంచి ట్యాంక్ వైపు ఉంది. పొడిగా ఉండి ఇంట్లో మాత్రం నీళ్లు దిగకపోతే ఇంటి వైపే ఉంది. ఒక్క మూత ఎత్తితే సగం ఇల్లు తవ్వే పని తప్పుతుంది.

మేస్త్రీ చేసే తప్పులూ ఇక్కడే బయటపడతాయి. నాలుగించుల పైపు నలభై అడుగులు పోతే ఒక అడుగు దిగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. టైల్స్ ఎత్తు సరిచూసుకునే హడావుడిలో ఆ వాలు తగ్గిపోతుంది. మూల దగ్గర రెండు సగం బెండ్లు వేయాల్సిన చోట ఒక్క లంబకోణపు బెండ్ పెట్టేస్తారు. పాత ఫ్లష్ ట్యాంకులు పది లీటర్లు కొట్టినన్నాళ్లూ ఆ తప్పు కప్పబడి ఉంది. ఇప్పుడు ఆరు లీటర్లు, మూడు లీటర్ల రెండు బటన్ల ట్యాంక్ పెట్టగానే బయటపడింది. నీళ్లు పొదుపు చేయడం మంచిదే. వాలు లేని పొడుగాటి పైపున్న ఇంట్లో మాత్రం చిన్న బటన్‌ను మూత్రానికే వాడుకోవాలి.

ఊరు పెరిగింది, గుంత అంతే ఉంది

హైదరాబాద్‌కు భూగర్భ డ్రైనేజీ ఆలోచన కొత్తదేం కాదు. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. వరద కట్టడితో పాటు మురుగునీటి పథకానికీ ఆయనే రూపం ఇచ్చాడు. అయితే అది ఆనాటి ఊరికి గీసిన గీత. మలక్‌పేట దాటాక పొలాలు, తోటలు, చెరువులు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం చాలాకాలం రంగారెడ్డి జిల్లాలో వేరే మున్సిపాలిటీలుగానే ఉన్నాయి. 2007 ఏప్రిల్ 16న జీహెచ్ఎంసీ ఏర్పడినప్పుడు గానీ నగరంలో కలవలేదు. శివారు సర్కిళ్ల మురుగు లైన్ల బాధ్యత 2021 అక్టోబర్‌లో నగర నీళ్లూ మురుగూ చూసే జలమండలికి వచ్చింది.

ఈలోపు జనం ఆగలేదు. ప్లాట్ కొన్నారు, గుంత తవ్వారు, ఇల్లు కట్టారు. 2004లో కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు చేరాయి. నల్లా వచ్చిన ఇంట్లో నీటి వాడకం పెరుగుతుంది, వాడిన నీళ్లన్నీ ఎక్కడికో పోవాలి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడిచింది. కిరాయిలు పెరిగాయి, ఇళ్ల మీద అంతస్తులు లేచాయి. ఒక్క కుటుంబానికని కట్టిన గుంత మీదే నాలుగు కుటుంబాలు కాపురం పెట్టాయి. మెయిన్ రోడ్డు మీద డ్రైనేజీ లైన్ పడ్డాక కూడా చాలా ఇళ్లవాళ్లు పాత ట్యాంక్‌ను తీసేయకుండా, దాని బయటి పైపును తెచ్చి ఆ లైన్‌లో కలిపారు. కాబట్టి ‘మాకు డ్రైనేజీ ఉంది’ అనేవాళ్ల పార్కింగ్ టైల్స్ కింద కూడా ఒక ట్యాంక్ ఉండొచ్చు. అది ఎక్కడుందో కట్టించిన తండ్రికి తెలుసు, కొడుక్కి తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల లెక్క ఇంకా విడ్డూరం. ఐఎస్ 2470 పట్టిక ప్రకారం రెండేళ్లకోసారి శుభ్రం చేసే ట్యాంక్ ఐదుగురికైతే ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు ఉండాలి. పది మందికైతే రెండు మీటర్లు, 0.9 మీటర్లు, మీటరు లోతు. అంటే 1,800 లీటర్లు. పది మంది ఉండే ఇంటిని కోచింగ్ విద్యార్థుల హాస్టల్‌గా మార్చి అరవై మందిని పెట్టారనుకోండి. మనిషికి ముప్పై లీటర్ల చొప్పున చూసినా రోజుకు 1,800 లీటర్లు. స్నానాలు, బట్టలు, వంటిల్లు కలపకుండానే! మడ్డి దిగాలంటే నీళ్లు ట్యాంక్‌లో కనీసం ఒక రోజు కదలకుండా ఉండాలి. ఇక్కడ సగం ట్యాంక్ మడ్డే ఉంటుంది కాబట్టి పూటకు మించి ఉండవు. పైగా అరవై మందీ పొద్దున ఆరుకూ తొమ్మిదికీ మధ్యే. కదిలిపోయిన మడ్డి బయటి పైపులోకి, అక్కణ్నుంచి ఇంకుడు గుంతలోకి పోయి దాని రంధ్రాలన్నీ పూడ్చేస్తుంది. అలాంటి హాస్టల్‌కు ఎన్ని బండ్లు పిలిచినా ఒరిగేదేమీ లేదు. రోడ్డు లైన్‌కు సరైన కనెక్షన్ తీసుకోవాలి, లేదా ట్యాంక్ పెద్దది కట్టాలి.

ఇంకుడు గుంతకు ఇక్కడి నేల కూడా కలిసిరాదు. తూర్పు హైదరాబాద్ కింద పరుచుకుని ఉన్నది గ్రానైట్. కొన్ని ప్లాట్లలో నాలుగు గజాలు తవ్వకముందే బండ తగులుతుంది. నీళ్లు మొరంలో ఇంకుతాయి గానీ బండలో ఇంకవు. చెరువుల పక్క కాలనీలది ఇంకో బాధ, వానాకాలంలో భూమే నీళ్లతో నిండి ఉంటుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు కింది కోదండరాంనగర్, నాగోల్ అయ్యప్ప కాలనీ, లింగోజీగూడ నీట మునిగాయి. అలాంటి వానలో గుంతలోని నీళ్లకు బయటికి పోయే చోటు ఉండదు. అవి వచ్చిన దారినే తిరిగి కింది అంతస్తు కమోడ్‌లోంచి లేస్తాయి. వేసవిలో బాగుండి వానల్లో మాత్రమే ఫ్లష్ మందగిస్తే కమోడ్‌నూ ప్లంబర్‌నూ వదిలేయండి. తప్పు ఇంకుడు గుంతదో రోడ్డు లైన్‌దో. కింది అంతస్తు లైన్‌కు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ బిగించుకుంటే కనీసం ఇంట్లోకి రావు.

మూత తీయండి, దిగకండి

యాసిడ్ సంగతి తేల్చేద్దాం. అది బండ మీది మరక పోగొడుతుంది. వంపులో ఇరుక్కున్న ప్యాడ్‌ను కరిగించదు. మాటిమాటికీ పోస్తే ట్యాంక్‌లో మడ్డిని తినే సూక్ష్మజీవుల్ని చంపుతుంది. యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని బాత్రూంలో అది ఊపిరాడనివ్వదు. డబ్బాల్లో అమ్మే ‘బ్యాక్టీరియా పౌడర్’ అవసరమూ పెద్దగా లేదు. కావాల్సిన సూక్ష్మజీవులు మలంతో పాటే రోజూ వస్తున్నాయి.

మూత తీసేటప్పుడు పిల్లల్ని దూరం పంపండి. మేస్త్రీనో, తెలిసినవాళ్లనో తోడు పెట్టుకోండి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి. లోపల మీథేన్ ఉంటుంది, అంటుకుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. అది మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందని లోపలికి తొంగి చూసినవాడు అక్కడే కూలిపోతాడు, అతన్ని లాగబోయి దిగినవాడూ అంతే.

2021 ఆగస్టులో ఎల్బీనగర్ పరిధిలోని సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు తిరిగి రాలేదు. అప్పటికి దీన్ని ఆపడానికి చట్టం వచ్చి ఎనిమిదేళ్లయింది. 2013 నాటి ఆ చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంక్‌లోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ దింపడం నేరం. కాంట్రాక్టరే కాదు, పని చెప్పిన ఇంటి ఓనరైనా సరే, మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఎస్.ఆర్. శంకరన్, బెజవాడ విల్సన్ వంటి వారు నిలబెట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టుకెక్కితే, 2014 మార్చిలో తీర్పు వచ్చింది. మృతుల కుటుంబాలకు పది లక్షలివ్వాలని ఆ తీర్పు చెప్పింది. 2023 అక్టోబర్‌లో కోర్టు ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. గల్లీలో పెద్ద బండి పట్టదనే సాకుకూ కాలం చెల్లింది. ఇరుకు సందుల కోసమే 2017లో జలమండలి చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది.

బండి తీసుకెళ్లిన మురుగు ఎటు పోతుందో కూడా అడగాలి. మనకు కనబడకుండా పోయింది కదా అని ఊరుకుంటే అర్ధరాత్రి ఏదో నాలాలోనో చెరువు గట్టునో వదిలేస్తారు. ఆ నాలా మన కాలనీ పక్కదే కావొచ్చు. నాగోల్, అంబర్‌పేట లాంటి చోట్ల మురుగుశుద్ధి ప్లాంట్లు ఉన్నాయి. పాత లెక్కనే నాగోల్ సామర్థ్యం రోజుకు 17.2 కోట్ల లీటర్లు, అంబర్‌పేటది 33.9 కోట్లు. గుంతల మడ్డి అలాంటి చోటికే చేరాలి. ఈ విషయంలో వరంగల్ రాజధాని కన్నా ముందే మేలుకుంది. మలమడ్డి నిర్వహణకు 2014లోనే అక్కడి కార్పొరేషన్ నిబంధనలు తెచ్చింది.

హైదరాబాద్‌లో సెప్టిక్ ట్యాంక్ శుభ్రం చేయించడానికి జలమండలి నంబర్లు 14420, 155313. రోడ్డు లైన్ పొంగుతోందన్న ఫిర్యాదుకూ 155313కే ఫోన్ చేయాలి. బండి వచ్చినప్పుడు మడ్డిని ఎక్కడ పోస్తారో అడిగి, రసీదు తీసుకోండి. మూత మూసే ముందు బయటి పైపులోకి ఒక బకెట్ నీళ్లు పోయించి, అవి పోతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. పోకపోతే ఆ రోజే ఆ పైపు తీయించండి. ట్యాంక్ ఎక్కడుందో, ఎన్నడు తీయించారో మీటర్ బోర్డు తలుపు లోపల రాసి పెట్టండి. ఇదంతా మృగశిర కార్తెకు ముందే, నేల పొడిగా ఉండగానే చేయించుకోవాలి.